ఫ్రీ అంటే ఏ ఫ్రీ?

కాలేజీ దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. రాత్రి పదైంది. అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. నాన్న ఆమె కుర్చీ వెనక, అమ్మ వంటింటి గుమ్మం దగ్గర. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం... అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా పంపాలి. నెట్‌లో వెతికితే 'నూటికి నూరుపాళ్లు ఫ్రీ' అన్న సాఫ్ట్‌వేర్ ఒకటి కనిపించింది. డౌన్‌లోడ్ చేశారు. కాగితాలన్నీ వరసగా పేర్చారు, అడ్డంగా ఉన్నవాటిని నిలువుగా తిప్పారు, సైజు తగ్గించారు. ముప్పావుగంట పట్టింది. తీరా 'సేవ్' నొక్కాక అసలు సంగతి బయటపడింది. ఏడాదికి ఇంత అని కడితేనే సేవ్ అవుతుందట. లేదూ, ఉచితంగానే కావాలంటే ప్రతి పేజీ మీదా ఆ కంపెనీ పేరు అడ్డంగా పడుతుందట. ఆదాయ ధ్రువీకరణ పత్రం మీద తహసీల్దారు ముద్ర ఉండాలిగానీ సాఫ్ట్‌వేర్ కంపెనీ ముద్రేమిటి?

"ఫ్రీ అన్నాడు కదమ్మా?"

"డౌన్‌లోడ్ ఫ్రీ నాన్నా. సేవ్ చేసుకోవడం ఫ్రీ కాదు."

ఈ ఇల్లు ఎక్కడుందని అడగక్కర్లేదు. కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రాత్రి ఇలాంటిది జరిగే ఉంటుంది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగేస్తారని మనవాళ్ల మీద ఓ జోకుంది. సాఫ్ట్‌వేర్ విషయంలో తాగేది ఫినాయిలో కాదో చూసుకోవడానికి సీసా మీది చీటీ కూడా చదవలేం. ఎందుకంటే ఆ చీటీ ముప్పై పేజీలు ఉంటుంది. పైగా లాయర్ల ఇంగ్లిష్‌లో ఉంటుంది. కింద 'ఐ అగ్రీ' అని ఓ బొత్తాం. దాన్ని నొక్కనివాళ్లూ లేరు, నొక్కేముందు చదివినవాళ్లూ లేరు.

అసలు తిరకాసంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అంటే డబ్బు ఇవ్వక్కర్లేనిదీ అవుతుంది, స్వేచ్ఛగా ఉన్నదీ అవుతుంది. రెండింటికీ వాళ్లకు ఒకటే మాట. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఒకటి ఉచితం, ఇంకొకటి స్వేచ్ఛ. ఇంత చక్కగా రెండు మాటలుండి కూడా మనం రెండింటినీ 'ఫ్రీ' అనేసి, వాళ్ల తికమకను కోరి తెచ్చుకున్నాం.

ప్రింటర్ తెచ్చిన తంటా

స్వేచ్ఛ సంగతి ఎక్కడ మొదలైందో చూడాలంటే ఒక ప్రింటర్ దగ్గరకు వెళ్లాలి. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఓ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. బాగానే పనిచేసేది, కాగితం ఇరుక్కోనంత వరకూ. అక్కడే ప్రోగ్రామర్‌గా ఉన్న రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో ఓ చిన్న మార్పు చేసుకున్నాడు. కాగితం ఇరుక్కోగానే అందరి కంప్యూటర్ల మీదా కబురు కనిపించేది, ఎవరో ఒకరు లేచి వెళ్లి సరిచేసేవారు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రతి, చేతికి రాలేదు. అది తన దగ్గరున్న మరో విశ్వవిద్యాలయం పరిశోధకుణ్ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు.

ఆ కోపం ఊరికే పోలేదు. స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ప్రాజెక్టు ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు మొదటి రూపం వచ్చింది. దాని సారాంశం ఇది: ఈ సాఫ్ట్‌వేర్‌ను దేనికైనా వాడుకో, విప్పి చూసుకో, మార్చుకో, పదిమందికీ పంచు. మార్చినదాన్ని పంచితే మాత్రం వాళ్లకూ ఇవే హక్కులివ్వు. ధర ఎంతుండాలన్న షరతు ఇందులో లేదు. సీడీలో వేసి వెయ్యి రూపాయలకు అమ్ముకున్నా తప్పు కాదు. కొన్నవాడు దాన్ని ఊరంతా ఉచితంగా పంచినా తప్పు కాదు. ఇక్కడ ఫ్రీ అంటే స్వేచ్ఛ. డబ్బు ఇవ్వక్కర్లేకపోవడం చాలాసార్లు దానివెంట వచ్చే లాభం, అంతే.

2005 తర్వాత కొన్నేళ్లపాటు మన ఊళ్లక్కూడా ఉబుంటు సీడీలు పోస్టులో వచ్చేవి. అడ్రసు రాసి అడిగితే చాలు, రూపాయి ఖర్చు లేకుండా ఇంటికి చేరేవి. 2011లో ఆ పంపకం ఆపేశారు. పోస్ట్‌మ్యాన్ విదేశీ కవరు తెచ్చిచ్చాడని మురిసిపోయిన ఇంజినీరింగ్ కుర్రాళ్లు ఇప్పుడు పిల్లల తండ్రులు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమాన్ని భుజాన వేసుకున్న సంస్థ తన పేరునే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. ఇంగ్లిష్‌వాళ్లు రెండు పేజీల వివరణ రాసుకోవాల్సి వచ్చిన విషయం మనకు ఒక్క మాటలో తేలిపోయింది.

'కానీ' అనే మూడో రకం

గొడవంతా మూడో రకంతో. ఇది స్వేచ్ఛా కాదు, పూర్తిగా ఉచితమూ కాదు. కొందరికి, కొన్ని పనులకు, కొన్నాళ్లపాటు ఉచితం. జనం చేతిలో ఎక్కువగా ఉండేది ఇదే.

ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపువాడు 'ఎంఎస్ ఆఫీస్ లైఫ్‌టైమ్ ఫ్రీ సార్' అంటాడు. ఏళ్లపాటు అలా వచ్చినవాటిలో ఎక్కువ భాగం 'హోమ్ అండ్ స్టూడెంట్' రకం. పేరులోనే ఉంది, ఇంటికీ చదువుకీ అని. 2019 నాటి ఆ రకం లైసెన్సులో, డబ్బు సంపాదించే పనులకు దీన్ని వాడకూడదని స్పష్టంగా రాసి ఉంది. పిల్లాడు ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసుకుంటే సరే. అదే కంప్యూటర్ మీద అదే ఎక్సెల్‌లో నాన్న తన హార్డ్‌వేర్ షాపు బిల్లులు, జీఎస్టీ లెక్కలు వేసుకుంటే లైసెన్సు దాటినట్టే. ఈ ముక్క షాపువాడు చెప్పడు, పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండదు. ఇక 'లైఫ్‌టైమ్' అంటే కొన్నవాడి జీవితకాలం కాదు, ఆ కంప్యూటర్ జీవితకాలం. భద్రతా మరమ్మతులు అన్నాళ్లూ రావు కూడా. ఆఫీస్ 2019కి 2025 అక్టోబరు 14తో అవి ఆగిపోయాయి.

దూరంగా ఉన్న కంప్యూటర్‌ను ఇక్కణ్నుంచి నడిపించే టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటివాటిదీ ఇదే కథ. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు రాజమండ్రిలో ఉన్న తల్లి కంప్యూటర్‌ను సరిచేస్తే ఉచితం. అదే కొడుకు ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్తే వ్యాపారం. మరి ఏది ఇల్లు, ఏది ఆఫీసు అన్నది ఎవరు తేలుస్తారు? సాఫ్ట్‌వేరే అంచనా వేస్తుంది. వ్యాపారానికి వాడుతున్నట్టు అనుమానం వస్తే మాట మధ్యలోనే తెగ్గొడుతుంది. అమ్మకు బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీయడమెలాగో చూపిస్తున్నవాడు, తాను వ్యాపారిని కానని ఫారం నింపి సంజాయిషీ ఇచ్చుకోవాలి. తప్పు చేయనివాడు తప్పు చేయలేదని రుజువు చేసుకోవడం సర్కారు ఆఫీసుల్లోనే అనుకుంటాం గానీ, ఇక్కడా ఉంది.

విన్‌రార్‌ది ఇంకో దారి. నలభై రోజులు ఉచితం, ఆ తర్వాత కొనండి లేదా తీసేయండి అంటుంది లైసెన్సు. నలభై ఒకటో రోజున ఏమవుతుంది? కొనమని గుర్తుచేస్తూ చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అది మూసేస్తే ఎప్పటిలాగే పనిచేస్తుంది. ఇలా పదేళ్లుగా 'నలభై రోజుల్లో' ఉన్న కంప్యూటర్లు నెట్ సెంటర్లలో కోకొల్లలు. పనిచేస్తోంది కాబట్టి ఫ్రీ అనుకుంటారు. పనిచేయడం వేరు, హక్కుండటం వేరు.

పెద్ద కంపెనీలకూ ఈ తిప్పలు తప్పలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలో డాకర్ పేరు విననివారుండరు. ఏళ్లపాటు అందరికీ ఉచితంగా ఇచ్చిన డాకర్ డెస్క్‌టాప్‌కు 2021 ఆగస్టులో కొత్త షరతు వచ్చింది. 250 మంది కంటే ఎక్కువ ఉద్యోగులున్నా, ఏడాదికి కోటి డాలర్లకు మించి రాబడి ఉన్నా డబ్బు కట్టాలి. జావా విషయంలో ఒరాకిల్ 2023 జనవరిలో లెక్కనే మార్చేసింది. జావాను ఎందరు వాడుతున్నారని కాదు, సంస్థలో మొత్తం ఎందరు ఉద్యోగులున్నారన్నదాన్ని బట్టి చందా. గేటు దగ్గర రిజిస్టర్ రాసే ఉద్యోగి కూడా జావా లెక్కలోకి వచ్చేశాడు. దాదాపు అదే పని చేసే ఓపెన్‌జేడీకే మాత్రం జీపీఎల్ కింద ఉచితంగా దొరుకుతూనే ఉంది. ఒకే పేరు, ఒకే పని, రెండు లైసెన్సులు. రాత్రికి రాత్రి ఏది పడిందో కనుక్కోలేక కంపెనీల్లో లాయర్లకు చేతినిండా పని పడింది.

కొన్ని ఉచితాల ధర మరో చోట ఉంటుంది. అవాస్ట్ ఉచిత యాంటీవైరస్ మన దగ్గరా చాలా కంప్యూటర్లలో ఉండేది. కంప్యూటర్‌కు కాపలా కాస్తుందని పెట్టుకుంటే, వాడేవాళ్లు ఏయే వెబ్‌సైట్లు చూశారన్న సమాచారాన్ని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో తేల్చిచెప్పింది. 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. జంప్‌షాట్‌ను 2020లోనే మూసేశారు. ఇంటికి కుక్కను పెంచుకుంటే, అది ఎవరెవరు వచ్చిపోతున్నారో పక్కింటికి చెప్పినట్టుంది.

ఇక 'ఏడు రోజులు ఉచితం, కార్డు నంబరివ్వండి' అనేది అందరికీ తెలిసిందే. ఎనిమిదో రోజున డబ్బు పోతుంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటి వచ్చింది. కార్డు నుంచి ఇలా తనంతట తానే డబ్బు తీసుకునే ముందు ఇరవై నాలుగు గంటలకు తక్కువ కాకుండా బ్యాంకు కబురు పంపాలి. ఆ ఎస్సెమ్మెస్ వస్తుంది. లోన్ల గురించి, లాటరీల గురించి వచ్చే నలభై ఎస్సెమ్మెస్‌ల మధ్యన వస్తుంది.

శుభలేఖలో లైసెన్సు

ఇదంతా విని సాఫ్ట్‌వేర్ అంటేనే భయం పుట్టనక్కర్లేదు. తెలుగువాళ్లకు బాగా మేలు చేసిన ఉచితం ఒకటుంది: ఫాంట్లు.

శుభలేఖలు వేసే డీటీపీ సెంటర్లో అక్షరం అందంగా ఉందా లేదా అనే చూస్తారు గానీ, ఆ అక్షరానికి యజమాని ఉంటాడని ఎవరికీ తట్టదు. ఫాంటు కూడా సాఫ్ట్‌వేరే. దానికీ లైసెన్సుంది. విండోస్‌తో వచ్చే గౌతమి ఫాంటుతో ఉత్తరం రాసి ప్రింట్ తీసుకోవచ్చు. ఆ ఫాంటు ఫైలునే కాపీ చేసి పదిమందికీ పంచడానికి మాత్రం లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లు జీపీఎల్ కింద వచ్చాయి. ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో రామరాజ, మండలి, పొన్నాల, సూరన్న, తిమ్మన, ధూర్జటి, గురజాడ, సురవరం లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలయ్యాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఇప్పుడు ఎవరైనా తీసుకోవచ్చు.

ఈ లైసెన్సులో మెలికలు తక్కువ. ఇంట్లో వాడుకోండి, దుకాణంలో వాడుకోండి, పుస్తకం వేసి అమ్ముకోండి, షాపు బోర్డు రాయించుకోండి, అక్షరాలు నచ్చకపోతే మార్చుకోండి. ఫాంటును మాత్రం విడిగా అమ్మకండి, మార్చినదాన్నీ ఇదే లైసెన్సుతో ఇవ్వండి. ఇల్లా, వ్యాపారమా అనే ప్రశ్నే లేదు. చిన్న ప్రెస్సు పెట్టుకున్నవాడికి ఇది ఎంత నిశ్చింతో, పాత ఫాంట్ల సీడీ ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పలేక గుటకలు మింగినవాడికే తెలుస్తుంది.

మొదట చెప్పుకున్న పీడీఎఫ్ కష్టానికీ ఈ స్వేచ్ఛా వర్గంలోనే మందుంది. పేజీలు కలపడానికి, విడదీయడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఉంది. ఉత్తరాలకు, లెక్కలకు, వాటిని పీడీఎఫ్‌గా మార్చడానికి లిబ్రేఆఫీస్ ఉంది. ముద్రలు వేయవు, ఎనిమిదో రోజున డబ్బడగవు, ఇల్లా షాపా అని ఆరా తీయవు.

అయితే ఇవి మొరాయిస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

కారు చెడితే ప్రోగ్రామర్‌కు ఉత్తరం

ఎవరికీ చేయలేం. దాదాపు ప్రతి స్వేచ్ఛా లైసెన్సు చివరా ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు, దీనివల్ల ఏం జరిగినా మా పూచీ లేదు అని. చదివితే కటువుగానే ఉంటుంది. కానీ ఆ పేరా వెనక మనిషి ఎవరో చూస్తే అర్థమవుతుంది.

స్వీడన్‌లో డేనియల్ స్టెన్‌బర్గ్ అని ఒక ప్రోగ్రామర్ ఉన్నాడు. 1990ల్లో నెట్ కబుర్ల గదిలో మిత్రులకు డాలర్ ఎంత, క్రోనా ఎంత అని చెప్పే చిన్న ప్రోగ్రామ్ కోసం, ఇంటర్నెట్ నుంచి రేట్లు తెచ్చిపెట్టే ఇంకో చిన్న ప్రోగ్రామ్‌ను చేపట్టాడు. అదే పెరిగి 1998లో 'కర్ల్' అయింది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి సమాచారం తెచ్చిపెట్టడం దాని పని. ఎవరైనా, దేనికైనా, పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చు. ఒకటే షరతు, కాపీరైట్ వాక్యం తీసేయకూడదు. ఫోన్లలో, టీవీల్లో, కార్లలో, ఆటల యంత్రాల్లో, అన్నింట్లో చేరిపోయింది. ఆయన అంచనా ప్రకారమే వెయ్యి కోట్ల చోట్లకు పైగా ఉంది.

ఆ ఒక్క షరతే ఆయన పీకకు చుట్టుకుంది. కార్ల కంపెనీలు బుద్ధిగా లైసెన్సును పాటించి, కారు తెర మీద లోపలెక్కడో ఆ కాపీరైట్ వాక్యాన్ని చూపిస్తాయి. అందులో ఆయన పేరు, ఈమెయిల్ ఉంటాయి. కారులో దారి చూపే మ్యాప్ పనిచేయకపోతే యజమాని తెరంతా వెతుకుతాడు. కంపెనీ నంబరు దొరకదు. ఒక మనిషి పేరూ ఈమెయిలూ మాత్రం దొరుకుతాయి. ఇంకేముంది, స్టాక్‌హోమ్‌లో ఉన్న ఈయనకు ఉత్తరం: నా కారులో మ్యాప్ రావడం లేదు, ఏం చేయాలో చెప్పండి. ఇలాంటివి ఎన్నో వచ్చాయని ఆయనే బయటపెట్టాడు. తన ఖాతాను ఎవరో దొంగిలించారని, అందులో నీ పేరు కనిపిస్తోంది కాబట్టి దొంగవి నువ్వేనని నిలదీసినవాళ్లూ ఉన్నారు. 2021లో ఒకతను చంపుతానని కూడా రాశాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు.

అన్నింటికంటే తమాషా 2022 జనవరిలో జరిగింది. అంతకు ముందు నెలలోనే లాగ్‌ఫర్‌జే అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం బయటపడి ప్రపంచమంతా అట్టుడికింది. అమెరికాలోని ఓ భారీ కంపెనీ నుంచి స్టెన్‌బర్గ్‌కు తాఖీదు లాంటి ఉత్తరం వచ్చింది. మీ ఉత్పత్తిలో ఆ లోపం ఉందా, ఎప్పుడు సరిచేశారు, మా సమాచారం ఏమైనా పోయిందా... ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వాలి. ఆయన ఆ కంపెనీ నుంచి ఒక్క డాలర్ తీసుకున్నవాడు కాదు. కర్ల్‌కూ లాగ్‌ఫర్‌జేకూ సంబంధమే లేదు. మీరు సపోర్టు ఒప్పందం చేసుకుంటే సంతోషంగా జవాబులిస్తానని రాశాడు. తిరిగొచ్చిన ఉత్తరం 'డేవిడ్' అనే సంబోధనతో మొదలైంది. ఆయన పేరు డేనియల్! బైబిల్లో గోలియాత్ అనే రాక్షసుడిలాంటి వీరుణ్ని వడిసెల రాయితో కొట్టిన చిన్నవాడు దావీదు. ఇంగ్లిష్‌లో అతడే డేవిడ్. స్టెన్‌బర్గ్ తన జవాబును 'గోలియాత్' అని సంబోధిస్తూ మొదలుపెట్టాడు.

ఇందులో ఆ కంపెనీ గుమస్తాను మాత్రం ఏమనగలం? అతనికి ఒక జాబితా ఇచ్చి అందరికీ పంపమన్నారు, పంపాడు. సామాను ఇచ్చినవాడు కచ్చితంగా డబ్బు తీసుకునే ఉంటాడని, డబ్బు తీసుకున్నవాడు జవాబు చెప్పాల్సిందేనని అతని లెక్క. బజారులో అది సబబైన లెక్కే. ఇక్కడ మాత్రం సామాను ఇచ్చినవాడు డబ్బు తీసుకోలేదు.

నిజానికి కస్టమర్ కేర్ అనేది డబ్బుతో కొనుక్కునే సరుకు. రెడ్ హ్యాట్ కంపెనీ బతుకంతా దానిమీదే. సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగానే ఇస్తుంది, అర్ధరాత్రి చెడితే ఫోన్ ఎత్తడానికి డబ్బు తీసుకుంటుంది. ఆ వ్యాపారాన్ని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. అదే రెడ్ హ్యాట్ అండతో ఉచితంగా వచ్చిన సెంటోస్ 8ని 2029 దాకా చూసుకుంటారని నమ్మి ఎన్నో కాలేజీలు, చిన్న కంపెనీలు పెట్టుకున్నాయి. 2021 ఆఖరుతోనే ఆపేస్తున్నామని 2020 డిసెంబరులో ప్రకటన వచ్చింది. ఎనిమిదేళ్ల నమ్మకం ఒక్క పేరాలో పోయింది. ఎవరూ దావా వేయలేదు. వేయడానికి బిల్లు ఉండాలి కదా.

ఖాళీ కుర్చీలో దొంగ

జవాబు చెప్పేవాళ్లు లేని చోట ఇంకొకరు వచ్చి కూర్చుంటారు. ఈ వ్యవహారంలో కుటుంబాలకు అసలైన నష్టం ఇక్కడే.

ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో మొరాయిస్తుంది. రిటైరైన ఓ మాస్టారు 'కస్టమర్ కేర్ నంబర్' అని పేరుతో సహా నెట్‌లో వెతుకుతారు. ఆ సాఫ్ట్‌వేర్‌కు ఫోన్ నంబరే లేదు. అయినా ఒక నంబరు దొరుకుతుంది! మొదటి రింగుకే ఎత్తుతారు. ఇదే అనుమానించాల్సిన సంగతి, కానీ చాలాసేపు విసిగినవారికి అది దేవుడి పలుకులా వినిపిస్తుంది. "ఏం కంగారు లేదు సార్, ఒక చిన్న యాప్ వేసుకోండి, నేనే సరిచేస్తాను" అంటాడు. కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే యాప్ అది. యాప్ మంచిదే. ఎవరి చేతికిచ్చారన్నదే తేడా. ఇలా ఎనీడెస్క్ సాయంతో ఫోన్లలోకి జొరబడి ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

తెర నిండా ఎర్రగా 'మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని వచ్చేదీ ఈ బాపతే. తమ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ చెబుతూనే ఉంది. ఈ దందాలో మన దేశానికి చెడ్డపేరు కూడా వచ్చింది. ఇక్కడి దొంగ కాల్ సెంటర్ల నుంచి అమెరికా, యూరప్ ముసలివాళ్లకు ఫోన్లు వెళ్లేవి. 2023 అక్టోబరులో సీబీఐ 'ఆపరేషన్ చక్ర-2' పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. వాటిలో మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదులతో పెట్టిన ఇలాంటి కేసులూ ఉన్నాయి.

మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటిపోయేలోపు ఆపగలిగే వీలు అప్పుడే ఎక్కువ. పిల్లలు తిడతారేమోనని సాయంత్రం దాకా చెప్పకుండా కూర్చునే పెద్దవాళ్లున్నారు. దొంగకు కావలసింది ఆ సాయంత్రమే.

మరి నిజమైన సాయం ఎక్కడ దొరుకుతుంది? ఫోన్‌లో కాదు, రాతలో. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లకు ప్రశ్నలడిగే చోటు వాటి సొంత వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అక్కడ జవాబిచ్చేవాళ్లు జీతగాళ్లు కారు. పగలు వేరే ఉద్యోగం చేసుకుని రాత్రి కాసేపు కూర్చునేవాళ్లు. 'పనిచేయడం లేదు, అర్జంట్' అని రాస్తే ఎవరూ పలకరు. అది డాక్టర్ దగ్గరకెళ్లి 'ఒంట్లో బాలేదు' అని ఊరుకోవడం లాంటిది. ఏ సాఫ్ట్‌వేర్, ఎన్నో వెర్షన్, విండోసా ఉబుంటువా, ఏం చేస్తే ఏమైంది, తెర మీద అక్షరాలా ఏం వచ్చింది అన్నవి నాలుగు ముక్కల్లో రాయాలి. ఇంగ్లిష్ తప్పులున్నా ఎవరూ పట్టించుకోరు. వాళ్లలోనూ చాలామందికి అది పరాయి భాషే. రాసి పడుకుంటే తెల్లారేసరికి జవాబు ఉండొచ్చు. మనకు రాత్రయినప్పుడు ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరికి కాఫీ తాగే వేళ అవుతుంది.